మాటలాట, పుస్తకం, పక్కన ఓ పెద్దదిక్కు

మూడో తరగతి చదివే బిడ్డ రెండో తరగతి పాఠం చదవగలదా? 2005లో మొదలైన 'అసర్' సర్వే పల్లెల్లో ఇళ్లకు వెళ్లి అడుగుతున్న ప్రశ్న ఇది. చేతిలో ఒక్క కాగితం ఉంటుంది. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పైకి చదివిస్తారు. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం. కరోనా తర్వాత, 2022లో, 20.5కి పడిపోయారు. 2024లో మళ్లీ 27.1కి చేరారు. పోగొట్టుకున్నది తిరిగి దొరికింది, అంతే. రెండు తెలుగు రాష్ట్రాలూ 2018లోనూ 2022లోనూ ఈ దేశ సగటు కంటే కిందే ఉన్నాయి. ఐదో తరగతికి వచ్చిన పిల్లల్లో కూడా సగానికి పైగా ఆ రెండో తరగతి కథ దగ్గర ఆగిపోతున్నారు.

వీళ్లలో ఎక్కువమంది అక్షరాలు రాని పిల్లలు కారు. అక్షరాలు వచ్చు, చిన్న మాటలు వచ్చు. వాక్యం దగ్గరికి వచ్చేసరికి కూడబలుక్కుంటారు. చివరి మాట పలికేసరికి మొదటి మాట మరిచిపోతారు. ఈ పిల్లల్ని ధారాళంగా చదివే దశకు దాటించడానికి కథల పుస్తకాలు చదివించండి, మాటల ఆటలు ఆడించండి అని విద్యాశాఖ సర్క్యులర్ల నుంచి శిక్షణ శిబిరాల దాకా అందరూ చెబుతున్నారు. మంచి సలహాయే. అయితే ఏ ఆట, ఎవరితో, ఎంతసేపు, దాని తర్వాత ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబులు అంత గాలివాటుగా చెప్పేవి కావు. దేశవిదేశాల్లో జరిగిన ప్రయోగాలు ఏం చెప్పాయో, మన లిపి స్వభావం ఏం కోరుతోందో రెండూ కలిపి చూడాలి.

ముందు చదవడం అంటే ఏమిటో తేల్చుకుందాం. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని గుణకారంగా చెప్పారు: రాతను మాటగా పోల్చుకునే శక్తి, విన్న భాషను అర్థం చేసుకునే శక్తి, ఈ రెండింటి లబ్ధమే చదువు. కూడిక అనలేదు, గుణకారం అన్నారు. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. అక్షరాలు గడగడ చదివి అర్థం చెప్పలేని బిడ్డా, కథ వింటే మొత్తం తిరిగి చెప్పగలిగి కాగితం ముందు మూగబోయే బిడ్డా ఇద్దరూ చదవలేనివాళ్లే. కానీ వాళ్లకు కావలసిన మందు వేర్వేరు. ఇద్దరికీ ఒకే ఆట ఆడిస్తే ఒకరికైనా కాలం వృథా అవుతుంది.

తెలుగు పిల్లల విషయంలో మొదటి భాగం, అంటే లిపి, తేలిగ్గా తీసేయదగినది కాదు. 35 హల్లులనుకున్నా, తలకట్టు నుంచి ఔత్వం దాకా ఒక్కొక్కదానికి 12 రూపాలు చొప్పున 420 రూపాలు. వాటి మీద వత్తులు. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడంలో సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు ఏడాదిలోపే పట్టుబడితే, కన్నడ అక్షర సముదాయం మొత్తం పట్టుబడటానికి పిల్లలకు మూడు నాలుగేళ్లు పడుతోందని ఆమె చూపించారు. మాటను అక్షరాలుగా విడగొట్టడం వాళ్లకు ముందే వస్తుంది. ఒక్క అక్షరంలో దాగిన హల్లునూ అచ్చునూ విడదీసి వినడం బాగా ఆలస్యంగా వస్తుంది. తెలుగుకు ఇది అక్షరాలా వర్తిస్తుందని నా నమ్మకం. మూడో తరగతిలో ఇంకా గుణింతాల దగ్గర తడబడుతున్న బిడ్డను మొద్దు అనడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ బిడ్డ మన లిపి కోరినంత కాలమే తీసుకుంటోంది. ఆ కాలమంతా బడి ఓపిక పట్టడం లేదు. రెండో తరగతి నుంచే వాచకం పరుగెత్తుతుంది.

కర్ణాటకలోని యాదగిరి ప్రాంతంలోనూ మహారాష్ట్రలోని పాల్ఘర్ ప్రాంతంలోనూ శైలజా మేనన్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి తరగతి గదుల్ని గమనించి 2017లో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి కథే చెప్పింది. మొదటి తరగతుల్లో బోధన దాదాపు మొత్తం అక్షరాల చుట్టూనే తిరిగింది. అర్థం, మాట్లాడటం, కథ వెనకబడ్డాయి. అంతటితో అక్షరాలైనా అందరికీ వచ్చాయా అంటే అదీ లేదు.

ఇక పుస్తకాల సంగతి. 1980 ప్రాంతంలో ఫిజీ దీవుల పల్లె బడుల్లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. నాలుగు, ఐదు తరగతుల గదుల్లో తలా 250 బొమ్మల కథల పుస్తకాలు పెట్టారు. రోజూ కొంతసేపు చదివించారు, కొన్ని తరగతుల్లో టీచరే చదివి వినిపించి పిల్లలతో మాట్లాడించారు. ఇంటి భాష కాని ఇంగ్లీషులో ఆ పిల్లల పఠనం మామూలు తరగతుల పిల్లలకంటే దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. ఇంగ్లీషు మీడియం వైపు పోతున్న మన బడులు ఈ ప్రయోగాన్ని మళ్లీ చదువుకోవాలి. అక్కడ పిల్లలకు ఇంగ్లీషు నేర్పింది వ్యాకరణం కాదు, కథలు.

అయితే పుస్తకాలు పెడితే చాలనుకుంటే కర్ణాటక అనుభవం ఆపుతుంది. అక్కడ అక్షర ఫౌండేషన్ నడిపిన పాఠశాల గ్రంథాలయాల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు పకడ్బందీగా పరీక్ష చేశారు. పుస్తకాలున్నాయి, చూసుకునే మనుషులున్నారు. 16 నెలల తర్వాత పిల్లల భాషా పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గ్రంథాలయం అంటే ప్రాణమిచ్చే మనలాంటివాళ్లకు ఇది కటువుగా తోచే ఫలితమే, అయినా దాటవేయకూడదు.

దీని పక్కన ఫిలిప్పీన్స్ అనుభవం పెట్టి చూడండి. అక్కడ పరీక్షకు తీసుకున్న వంద బడుల్లో సగం బడుల నాలుగో తరగతి పిల్లలకు 31 రోజుల పఠన యజ్ఞం జరిగింది. వయసుకు తగిన కథల పుస్తకాలిచ్చారు. తరగతి టీచర్లకే శిక్షణ ఇచ్చి, చదవడాన్నీ దాని చుట్టూ ఆటల్నీ రోజువారీ పాఠంలోనే కలిపించారు. పిల్లల పఠనశక్తి స్పష్టంగా పెరిగింది. పుస్తకాలు ఎక్కువగా చదవడం కూడా మొదలుపెట్టారు. మూడు నెలల తర్వాత చూస్తే ఆ మేలులో సగమే మిగిలింది. ఇది కూడా చెప్పుకోవాల్సిందే. నెల రోజుల ఉత్సవం నెల రోజుల ఉత్సవంగానే మిగులుతుంది.

ఈ రెండు అనుభవాల మధ్య తేడా ఎక్కడుంది? నా చదువులో నాకు తోచింది ఇది. కర్ణాటకలో గ్రంథాలయం తరగతి పాఠానికి పక్కన నడిచింది. ఫిలిప్పీన్స్‌లో అది పాఠమే అయింది. రోజూ పిల్లల్ని చూసే టీచరే పుస్తకం చేతికిచ్చి, ఆట ఆడించి, ఏం చదివావని అడిగాడు.

ఆటల విషయంలో కూడా ఇదే బయటపడింది. ఫిన్లాండ్‌లోని యువాస్కులా విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రాఫోగేమ్ అనే కంప్యూటర్ ఆట, అక్షరాన్నీ ధ్వనినీ జతచేయడం నేర్పేది, చాలా దేశాలకు పాకింది. దాని మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2020లో తూకం వేస్తే, సగటున మాటలు చదివే శక్తిలో పెద్దగా తేడా రాలేదు. మేలు కనబడినచోట్ల పిల్లల పక్కన పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుతూ ఆడించారు. తెరను చేతికిచ్చి వదిలేసినచోట బిడ్డ ఆట నేర్చుకుంది, చదువు నేర్చుకోలేదు. ఫోన్లో చదువు యాప్‌లు పెట్టి నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకుంటే చాలు. గూగుల్ రీడ్ అలాంగ్‌లో తెలుగు కథలున్నాయి, బాగున్నాయి. బిడ్డ చదువుతుంటే పక్కన కూర్చోండి.

మన దేశంలో అన్నిటికంటే గట్టిగా నిలబడిన రుజువు ప్రథమ్ సంస్థ క్యాంపులది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం వీటిని ఏళ్ల తరబడి పరీక్షించింది. వాళ్లిద్దరికీ మైకెల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి జట్లు చేస్తారు. అక్షరం వచ్చినవాళ్లు ఒక జట్టు, మాట వచ్చినవాళ్లు ఒక జట్టు. నేల మీద కూర్చుని గుణింతాల పట్టిక చూస్తూ మాటలు కట్టడం, బొమ్మ చూసి మాట్లాడటం, చిన్న పేరా చదవడం, మాటలతో ఆట, రాత. ఉత్తరప్రదేశ్‌లో 2013–14లో కొద్ది వారాల క్యాంపులతోనే చిన్న పేరా అయినా చదవగలిగిన పిల్లల వాటా, క్యాంపులు జరగని ఊళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. ఇక్కడా ఆట ఉంది, పుస్తకం ఉంది, మనిషి ఉన్నాడు. అన్నిటికీ మించి, బిడ్డ ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టడం ఉంది.

ఇక తెలుగు మాటల ఆటల దగ్గరికి వద్దాం. ఇంగ్లీషు కోసం కట్టిన స్క్రాబుల్ లాంటి ఆటల్ని యథాతథంగా తెలుగులోకి దించితే కుదరదు. ఇరవై ఆరు రకాల బిళ్లలతో వాళ్ల పని జరుగుతుంది. మనకు వందల రకాల బిళ్లలు కావాలి. హల్లు బిళ్లలు వేరుగా, గుణింతపు గుర్తుల బిళ్లలు వేరుగా, వత్తులు వేరుగా చేసి, ఒకదానిమీద ఒకటి అమర్చుకునేలా పారదర్శక కాగితం మీద రాసిస్తే పని తేలికవుతుంది. పైగా 'క'కు కొమ్ము తగిలిస్తే ఏమవుతుందో బిడ్డ తన చేత్తో చేసి చూస్తుంది. నాగ్ చెప్పిన ఆలస్యంగా వచ్చే శక్తి, అక్షరంలోని అచ్చునూ హల్లునూ విడదీయడం, సరిగ్గా ఇలాంటి ఆటలోనే అలవడుతుంది.

అంత్యాక్షరి మనకు బాగా కుదిరిన ఆట. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరం చేతికి నిండుగా దొరుకుతుంది. కానీ చిన్నపిల్లలతో ఆడించిన టీచర్లకు దాని చిక్కు తెలుసు. మన మాటల్లో బోలెడన్ని 'డు', 'లు', 'ట్టు'లతో ఆగుతాయి. 'లు'తో మాట చెప్పమంటే రెండో తరగతి బిడ్డ ఏం చెబుతుంది? అందుకని చిన్నవాళ్లకు నియమం సడలించాలి. గుణింతాన్నీ వత్తునూ వదిలేసి హల్లు ఒక్కటే పట్టుకోవాలి. చెట్టు అంటే 'ట', టోపీ. టోపీ అంటే 'ప', పలక. పలక అంటే 'క', కోడి. కోడి అంటే 'డ', డబ్బా. కాయల పేర్లు దొర్లినప్పుడల్లా 'య' వచ్చి ఆట ఆగుతుంది. అలాంటప్పుడు యాత్ర, యంత్రం, యజమాని, యువకుడు అని గోడ మీద ఒక పట్టిక వేలాడదీస్తే, ఆట గెలవడానికైనా పిల్లలు దాన్ని చదువుతారు. చెప్పిన ప్రతి మాటనూ ఒకరు బోర్డు మీద రాయాలి. రాత లేని అంత్యాక్షరి మాటల భండారాన్ని పెంచుతుంది గానీ చదువు నేర్పదు.

వత్తుల దగ్గర మనం చేస్తున్న పొరపాటు ఒకటుంది. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, అవ్వ, పప్పు, కుక్క, పిల్లి. బిడ్డ నోట అన్నిటికంటే ముందు ఆడే ఈ మాటలన్నీ ద్విత్వాలే. సంప్రదాయ క్రమంలో వత్తులు అన్నిటికంటే ఆఖర్న వస్తాయి. అంటే తనకు అత్యంత ఇష్టమైన మాటల్ని చదవడానికి బిడ్డ ఏడాదికి పైగా ఆగాలి. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక కనబడదు కాబట్టి అవి కష్టమన్నది నిజమే. అలాగని చివరికి నెట్టనక్కర్లేదు. ఇంట్లో వాళ్లను పిలిచే మాటలు పది కార్డుల మీద రాసి మొదటి వారం నుంచే ఆడించవచ్చు. బిడ్డ వాటిని ముందు బొమ్మలాగా పోల్చుకుంటుంది, తర్వాత విడదీస్తుంది. దీనికి తోడుగా 'వత్తుల వేట' అనే ఆట: బస్సు బోర్డు, కిరాణా పొట్లం, సినిమా పోస్టరు, రేషన్ కార్డు, ఎక్కడ 'మ్మ' కనబడితే అక్కడ పట్టుకుని రేపు బడిలో చెప్పడం. ఖర్చు లేదు. ఊరంతా వాచకమవుతుంది.

తెలుగుకే చెందిన ఇంకో ఆట మీద మన పాఠ్యపుస్తకాలు తగినంత దృష్టి పెట్టలేదు. మన భాషలో మాట తోకలు తగిలించుకుంటూ పెరుగుతుంది. ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంట్లోంచి. చదువు, చదివాడు, చదివించాను, చదువుకుంటున్నారు. చివరిది ఏడక్షరాల మాట. కూడబలుక్కునే బిడ్డ దానిమీద ఊపిరి పోగొట్టుకుంటుంది. నిత్యం వచ్చే ఈ తోకల్ని, 'కుంటున్నారు', 'ంచి', 'తోంది' వంటివాటిని ఒకే చూపులో పట్టడం వస్తే చదువు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఒక మాట ఇచ్చి, జట్టు ఎన్ని రకాలుగా పెంచగలదో చూడమనాలి. పెంచిన ప్రతి మాటతో ఒక వాక్యం చెప్పించాలి. మూడు నాలుగు తరగతులకు దీనికి మించిన ఆట నాకు కనబడలేదు.

ఇదే కారణంగా వేగం కొలిచే పద్ధతి మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. 2021 జూలై 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్, మూడో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. హిందీలో మూడు మాటలుగా విడివిడిగా రాసేది తెలుగులో 'ఇంట్లోంచి' అని ఒక్కటే మాట. 60 హిందీ మాటలూ 60 తెలుగు మాటలూ ఒకటి కావు. తెలుగుకు తెలుగు కొలత కావాలి. లేకపోతే బాగా చదువుతున్న పిల్లల్ని కూడా వెనకబడ్డవాళ్లుగా లెక్కగడతాం.

పొడుపు కథలు, గళ్ల నుడికట్టు, కథకు ముగింపు మార్చి చెప్పడం, ఇవి అర్థం వైపు ఆటలు. పొడుపు కథ ప్రత్యేకంగా అవ్వా తాతల దగ్గర దొరికే సంపద. బిడ్డ ఇంటి నుంచి ఒకటి తెచ్చి, టీచరు సాయంతో రాసి, తరగతికి చదివి వినిపించాలి. ఆటలో ఏ జిల్లా మాటైనా ఒప్పుకోవాలి. పల్లీలన్నా, బుడ్డలన్నా, చెనక్కాయలన్నా మార్కు ఒకటే. ఇంటి మాటను తప్పుగా కొట్టేసిన రోజున బిడ్డ నోరు మూసుకుంటుంది. గోండి, కోయ, సవర, కొలామీ మాట్లాడే పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 ఆదివాసీ భాషల్లో బోధనకు పునాది వేశారు. వాళ్ల మాటల ఆటలు వాళ్ల భాషలో మొదలై తెలుగులోకి రావాలి.

ప్రభుత్వాల ప్రయత్నాలు లేవని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 'చదవడం మాకిష్టం', తెలంగాణలో 2022 ఫిబ్రవరిలో వంద రోజుల 'రీడ్', అదే ఏడాది ఆగస్టులో 'తొలిమెట్టు' వచ్చాయి. తొలిమెట్టు బిడ్డ స్థాయిని చూసి బోధించాలన్న సరైన ఆలోచన మీద నిలబడింది. 'రీడ్'కు వంద రోజుల గడువు ఉండటం ఫిలిప్పీన్స్ అనుభవాన్ని గుర్తుచేస్తుంది. ప్రభుత్వాల బయట, అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 'తెలుగు మాట్లాట' పేరుతో తిరకాటం, పదరంగం అనే పోటీలు పెడుతోంది. తెలుగు రాత పట్ల పిల్లల్లో ఉత్సాహం రేపిన మంచి పని. కానీ పోటీ ఎప్పుడూ ముందున్న బిడ్డను మరింత ముందుకు తీసుకెళ్తుంది. మన బడుల్లో ఆట చివరి బల్ల కోసం కావాలి. అక్కడ గెలుపోటములు జట్టువి కావాలి, జట్టులో చదవలేని బిడ్డకు కచ్చితంగా ఒక వంతు రావాలి.

విద్యావేత్త గిజూభాయి బధేకా తొంభై ఏళ్ల కిందట రాసిన 'పగటి కల' తెలుగులో దొరుకుతుంది. అందులోని ఉపాధ్యాయుడు కథతో మొదలుపెడతాడు, ఆటతో తరగతిని కట్టిపడేస్తాడు, పిల్లల కోసం తరగతిలోనే గ్రంథాలయం ఏర్పాటు చేస్తాడు. కథ, ఆట, పుస్తకం అనే వరసను ఆయన ఏ పరిశోధనా లేకుండానే పట్టుకున్నాడు. ప్రాథమిక పాఠశాల టీచర్లందరి చేతా చదివించాల్సిన పుస్తకం అది.

ఆట పూర్తయ్యాక చేతికి ఏ పుస్తకం ఇవ్వాలన్నది ఆఖరి చిక్కు. చందమామ, బాలమిత్ర తరం వాటితోనే చదువరులైంది. అయితే అవి అప్పటికే చదవడం వచ్చిన పిల్లల పత్రికలు. కూడబలుక్కునే బిడ్డకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మాట మళ్లీ మళ్లీ వచ్చే కథ కావాలి. మంచి పుస్తకం ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఈ లోటు కొంత తీరుస్తున్నాయి. స్టోరీవీవర్‌లో కథలు స్థాయిల వారీగా ఉచితంగా ఉన్నాయి, అచ్చు తీసి కుట్టుకోవచ్చు.

డబ్బు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. సమగ్ర శిక్షలో ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏడాదికి 5,000 రూపాయల గ్రాంటు ఉంది. ఒక్కో పుస్తకం 50 రూపాయలనుకుంటే వంద పుస్తకాలు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనమంతా కడుతున్నాం. అందులోంచి ఊరి శాఖా గ్రంథాలయం బడికి నెలకో పెట్టె పుస్తకాలు పంపి మార్చుకునే ఏర్పాటు చేయమని జిల్లా గ్రంథాలయ సంస్థల్ని అడగాలి. వచ్చిన పుస్తకాలు చిరిగిపోతాయని, లెక్క చెప్పాలని హెడ్‌మాస్టర్ గదిలో బీరువాకు తాళం వేసి ఉంచుతున్న బడులు ఇంకా ఉన్నాయి. ఆడిట్‌లో చిరిగిన పుస్తకాన్ని నష్టంగా రాయకుండా, చదివిన గుర్తుగా రాసుకునేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆ తాళాలు తెరుచుకుంటాయి. టీచర్లకు నా విన్నపం ఒకటే: రోజూ ఒక పిరియడ్ దీనికి కేటాయించండి, పది నిమిషాలు మాటలాట, మిగతా సమయం పుస్తకం, ఆ రోజు ఆటలో వచ్చిన మాటలున్న పుస్తకమే. సాయంత్రం ఆ పుస్తకం బిడ్డ సంచిలో ఇంటికి వెళ్లనివ్వండి. చదువు రాని తల్లి అయినా సరే, బిడ్డ చదువుతుంటే వినమని ఆమెకు చెప్పండి.